ఓడింది జట్టా, కౌమా?

జట్టు ఓడిన మర్నాడు అభిమానులు తగువులాడుకోవడం ఎక్కడైనా ఉన్నదే. గోల్‌కీపర్ నిద్రపోయాడని ఒకడంటాడు. కోచ్‌కి ఆట తెలియదని ఇంకొకడంటాడు. డబ్బంతా కమిటీవాళ్లు మింగేశారని మరొకడంటాడు. 'మా రోజుల్లో ఇట్లా ఉండేదా' అని పెద్దమనిషెవరో నిట్టూరుస్తాడు. ఈ తగువుకి అంతు లేదు. ఉండనవసరం కూడా లేదు. జట్టుని ప్రేమించేవాడే జట్టుని తిడతాడు. అభిమానికున్న హక్కుల్లో అది మొదటిది.

కానీ ఈ దేశంలో ఒక జట్టు ఉంది. అది వరసగా ఓడిపోతుంటే వాదన గోల్‌కీపర్ దగ్గర ఆగదు. కోచ్‌నీ, కమిటీనీ దాటి ఏకంగా ఒక సమాజం మొత్తం మీదికి పోతుంది. 'వీళ్ల పనులన్నీ ఇంతే' అని బయటివాళ్లంటారు. 'మన కౌమే ఇట్లా దిగజారింది' అని లోపలివాళ్లంటారు. మొదటిది ద్వేషంతో అన్నమాట, రెండోది బాధతో అన్నమాట. రెండింటి వెనకా ఉన్న లెక్క మాత్రం ఒకటే. జట్టంటే కౌం, కౌమంటే జట్టు. ఈ లెక్క ఎక్కడ పుట్టింది, చరిత్ర ముందు నిలుస్తుందా లేదా అని చూడటమే ఈ వ్యాసం పని.

ఆ జట్టు పేరు మహమ్మదన్ స్పోర్టింగ్ క్లబ్. ఊరు కలకత్తా. కలకత్తా క్లబ్బుతో మనకేం సంబంధం అనుకోవద్దు. హైదరాబాద్‌లో ఆట నేర్చుకున్న సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ ఈ క్లబ్బు నలుపు తెలుపు చొక్కా తొడుక్కుని ఆడినవాళ్లే. హైదరాబాద్ కూడా ఒకనాడు దేశ ఫుట్‌బాల్‌ని ఏలిన ఊరే. అదీ పడిపోయింది. రెండు ఊళ్లు, రెండు పతనాలు. వాటి గురించి లోకం మాట్లాడే తీరు మాత్రం ఒకటి కాదు.

ముందు కలకత్తా సంగతి. 1911లో మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డ్ గెలిచింది. ఆటగాళ్లలో దాదాపు అందరూ ఉత్త కాళ్లతో ఆడారు. అది దేశం గెలుపుగా చరిత్రకెక్కింది, ఎక్కాల్సిందే. అయితే కలకత్తా లీగ్ మాత్రం ఆ తర్వాత కూడా తెల్లవాళ్ల చేతుల్లోనే ఉండిపోయింది. పటాలాల జట్లు, దొరల క్లబ్బులు దాన్ని పంచుకుంటూ వచ్చాయి. ఆ కోట 1934లో కూలింది. కూల్చింది మహమ్మదన్ స్పోర్టింగ్. లీగ్ గెలిచిన మొట్టమొదటి భారతీయ జట్టు అదే. ఒక్క ఏడాదితో ఆగలేదు. 1934 నుంచి 1938 దాకా వరసగా ఐదేళ్లు గెలిచింది. 1936లో ఐ.ఎఫ్.ఏ. షీల్డ్ కూడా తెచ్చుకుంది. 1940లో ఢిల్లీలో రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంట్‌ని ఓడించి డ్యూరాండ్ కప్పు ఎత్తుకుంది. ఆ కప్పు ఒక భారతీయ జట్టు చేతికి రావడం అదే మొదటిసారి.

1911 గెలుపు దేశానిది. 1934 గెలుపు ఎవరిది? ఆనాడు మనసారా మెచ్చుకున్న హిందూ పెద్దలు లేకపోలేదు. అయినా చరిత్రలో స్థిరపడ్డ మాట మాత్రం 'ముస్లింల గెలుపు' అనే. ఎదుటివాడు అదే బ్రిటిష్ పటాలం. మైదానం అదే కలకత్తా. తేడా చొక్కా తొడుక్కున్నవాళ్ల పేర్లలో ఉంది.

ఈ మాటని ముస్లింలు కూడా ఇష్టంగానే నెత్తినెత్తుకున్నారు. అందులో తప్పు పట్టడానికేం లేదు. అవి బెంగాల్ రాజకీయాల్లో ముస్లింలు పైకొస్తున్న రోజులు. 1937లో ఫజ్లుల్ హక్ ప్రధానిగా మంత్రివర్గం ఏర్పడింది. కొత్తగా చదువుకున్న కుర్రాళ్లు, రేవు కూలీలు, బుట్టల వ్యాపారులు, దర్జీలు అంతా కలిసి అరవడానికి ఒక పేరు దొరికింది. జీవితంలో ఇంకెక్కడా గెలవని మనిషి సాయంత్రం మైదానంలో గెలిచి ఇంటికెళ్లాడు. ఆ సంతోషం విలువ తెలియాలంటే ఓడిపోయిన బతుకు తెలిసుండాలి.

లెక్క పుట్టింది అక్కడే. జట్టు గెలుస్తోంది, కౌం లేస్తోంది. కాబట్టి కౌం లేచింది గనకే జట్టు గెలిచింది. ఇది వినడానికి తియ్యగా ఉంటుంది. కానీ ఆ క్లబ్బు గెలుపుకి మైదానంలో కనపడే కారణాలు వేరే ఉన్నాయి. కలకత్తా లీగ్ వర్షాకాలంలో ఆడతారు. బురదలో ఉత్త కాళ్లు జారతాయి. భారతీయ జట్లు ఉత్త కాళ్లతో ఆడుతున్న రోజుల్లో మహమ్మదన్ తడి నేల మీద తన ఆటగాళ్లకి బూట్లు తొడిగింది. బెంగాల్‌కే పరిమితం కాకుండా బెంగళూరు నుంచి, ఢిల్లీ నుంచి, క్వెట్టా నుంచి ఆటగాళ్లని ఏరి తెచ్చుకుంది. దేశం మొత్తం మీద వెతికి జట్టు కట్టడం అప్పటికి కొత్త. ఆ జట్టులోని మహమ్మద్ సలీం 1936లో స్కాట్లాండ్ వెళ్లి సెల్టిక్ క్లబ్బు రిజర్వు జట్టు తరఫున, అదీ ఉత్త కాళ్లతో, ఆడి అక్కడివాళ్లని ఆశ్చర్యపరిచాడు. అంత నేర్పున్నవాళ్లని పోగుచేసి, బురదకి బూట్లు తొడిగిన జట్టు గెలిచింది. ఇందులో మహిమ లేదు, తెలివి ఉంది.

ఇప్పుడు లెక్క సరిచూద్దాం. జట్టు కౌంకి కొలబద్ద అయితే 1947 తర్వాత మహమ్మదన్ మట్టికొట్టుకుపోవాలి. 1946లో కలకత్తా నెత్తురులో తడిసింది. విభజనతో క్లబ్బుని పోషించిన చదువుకున్న ముస్లింలలో ఎంతోమంది తూర్పు పాకిస్తాన్‌కి వెళ్లిపోయారు. క్వెట్టా పరాయి దేశమైంది. ఆ రోజుల్లో కలకత్తా ముస్లింకి ఉన్న ధైర్యం ఎంత? అయినా 1948లో కలకత్తా లీగ్ గెలిచింది మహమ్మదన్ స్పోర్టింగే. 1957లో లీగూ షీల్డూ రెండూ గెలిచింది. 1967లో మళ్లీ లీగ్. 1981లో మళ్లీ. కౌం పరిస్థితి ఒక దారిన పోతే, జట్టు ఇంకో దారిన పోయింది.

హైదరాబాద్ దగ్గర ఈ లెక్క ఇంకా దారుణంగా తప్పుతుంది. 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగింది. దాని వెంట వచ్చిన హింసనీ, భయాన్నీ మన పెద్దలు బతికున్నంత కాలం తగ్గు గొంతుతోనే చెప్పుకున్నారు. ఉద్యోగాలు పోయాయి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. హైదరాబాద్ ముస్లిం తల దించుకుని నడిచిన కాలం ఏదైనా ఉందంటే అది అదే. సరిగ్గా ఆ కాలంలో, 1950లో, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు మోహన్ బగాన్‌ని ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో రోవర్స్ కప్పుని వరసగా ఐదేళ్లు ఎవరికీ వదల్లేదు. నూర్ మహమ్మద్, అజీజ్ లాంటివాళ్లు ఆ జట్టు ఆటగాళ్లు. వాళ్ల కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులుగా జీవితం మొదలుపెట్టినవాడు.

ఆ తర్వాత హైదరాబాద్ రాష్ట్ర జట్టు 1956-57, 1957-58 సీజన్లలో సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆంధ్రప్రదేశ్ పేరుతో 1965-66లో మళ్లీ గెలిచింది. ఆ పైన మెల్లగా వెనకబడింది. ఎందుకు? రహీం 1963 జూన్‌లో క్యాన్సర్‌తో పోయాడు. ఆయన జాగాలో నిలబడగల ఇంకో రహీం తయారుకాలేదు. పోలీసు జట్టులో ఆటగాడికి దొరికేది సిపాయి జీతం. కలకత్తా క్లబ్బులు ఇచ్చేది అంతకంటే చాలా ఎక్కువ. హబీబ్, నయీం, అక్బర్ రైలెక్కారు. ఎక్కి ఎవరికి ఆడారు? మహమ్మదన్‌కి కూడా ఆడారు గానీ, వాళ్ల మంచి రోజులు ఎక్కువగా గడిచింది ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ జట్లలో. 1977లో పెలే కాస్మోస్ జట్టుతో కలకత్తా వచ్చి ఆడినప్పుడు మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన ఇద్దరిలో ఒకడు మన హబీబ్. ముస్లిం ఆటగాడు ముస్లిం క్లబ్బుకే ఆడతాడన్న లెక్క కూడా అక్కడ చిత్తయింది. శ్రామికుడు కూలి దొరికే చోటికి పోతాడు. ఆటగాడూ శ్రామికుడే.

ఓటమిని ఎట్లా చూడాలో రహీం దగ్గర నేర్చుకోవచ్చు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయింది. అంతకంటే అవమానం ఉండదు. 'మన జాతికి బలం లేదు, మనం అన్నం తినేవాళ్లం, తెల్లవాళ్ల ముందు నిలబడలేం' అని చేతులు దులుపుకోవడం ఎంత సులువు! కానీ కారణం కాళ్ల దగ్గర ఉంది. చలిదేశంలో తడి నేల మీద మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు. ఆ ఓటమి తర్వాత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లని తప్పనిసరి చేసింది. తర్వాతి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే రహీం జట్టు నాలుగో స్థానంలో నిలిచింది.

1962 జకార్తా ఆసియా క్రీడల సంగతీ అంతే. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 తేడాతో ఓడిపోయారు. రహీం కుంగిపోలేదు, ఎవరి పుట్టుకనీ నిందించలేదు. జట్టుని చూశాడు. తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ని వెనక వరసలోంచి తీసి ముందు వరసలో పెట్టాడు. ఫైనల్లో మళ్లీ అదే దక్షిణ కొరియా ఎదురైంది. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. 2-1 తేడాతో బంగారు పతకం. ఆ జట్టులో బెంగాలీలున్నారు, సిక్కులున్నారు, సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం ఉన్నాడు, హైదరాబాద్ యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. వాళ్లని నడిపింది ఒక ముస్లిం పంతులు.

ఇందులో మనకి పనికొచ్చే పాఠం ఒకటుంది. ఓటమికి కారణం బూటులో వెతికితే మందు దొరుకుతుంది. జీతాల పుస్తకంలో వెతికితే దొరుకుతుంది. మైదానంలో వెతికితే దొరుకుతుంది. పుట్టుకలో వెతికితే మాత్రం ఏ మందూ దొరకదు. సిగ్గు ఒక్కటే మిగులుతుంది. ఎదుటివాడికి దాన్నుంచి ద్వేషం మిగులుతుంది.

ఇక మన కళ్ల ముందు జరిగింది చూద్దాం. మహమ్మదన్ స్పోర్టింగ్ 40 ఏళ్ల తర్వాత 2021లో కలకత్తా లీగ్ గెలిచింది. 2022లో, 2023లో కూడా గెలిచింది. 2023-24లో ఐ-లీగ్ గెలిచి, పై మెట్టయిన ఇండియన్ సూపర్ లీగ్‌లోకి అడుగుపెట్టింది. అభిమానులు పండగ చేసుకున్నారు. ఆ పండగ ఒక్క సీజన్ కూడా నిలవలేదు. 2024 అక్టోబరులో సొంత ఊళ్లో హైదరాబాద్ ఎఫ్.సి. చేతిలో 4-0 తేడాతో చిత్తయింది. సీజన్ ముగిసేసరికి 24 మ్యాచ్‌లలో గెలిచింది రెండే. 13 జట్లలో 13వ స్థానం. మధ్యలో జీతాలు ఆగిపోయాయి. నెలల తరబడి బాకీ పెట్టారని రష్యన్ కోచ్ చెర్నిషోవ్ 2025 జనవరిలో వదిలేసి వెళ్లిపోయాడు.

మరి 4-0 తేడాతో గెలిచిన హైదరాబాద్ ఎఫ్.సి. ఏమైంది? అది 12వ స్థానంలో, అంటే మహమ్మదన్‌కి సరిగ్గా ఒక మెట్టు పైన, నిలిచింది. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ విజేత అయిన జట్టు అది. రెండేళ్లలోనే దానికీ జీతాల బాకీలు ముంచుకొచ్చాయి. ఆటగాళ్లు గుంపులుగా వెళ్లిపోయారు. 2023-24లో 22 మ్యాచ్‌లలో ఒక్కటి గెలిచి చిట్టచివర నిలిచింది. 2025లో ఏకంగా పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది.

రెండు జట్లకీ జబ్బు ఒకటే. జీతం లేదు, యాజమాన్యానికి నిలకడ లేదు. హైదరాబాద్ జట్టు పడిపోయినప్పుడు అభిమానులు అడిగిన ప్రశ్నలు: యజమానులెవరు, డబ్బు ఎటుపోయింది, లీగ్ నడిపేవాళ్లు ఏం చేస్తున్నారు. సరైన ప్రశ్నలు. మహమ్మదన్ పడిపోయినప్పుడు ఈ ప్రశ్నలతో పాటు ఇంకోటి చేరింది. వీళ్లు ఎప్పటికైనా బాగుపడతారా అని. ఈ 'వీళ్లు' ఎవరు? హైదరాబాద్ జట్టు ఓడినప్పుడు ఇలాంటి 'వీళ్లు' ఎవరూ లేరే!

అభిమానుల అల్లరి విషయంలోనూ ఇదే తంతు. అదే అక్టోబరులో కేరళ జట్టుతో ఓడిపోతున్నప్పుడు మహమ్మదన్ అభిమానులు కొందరు మైదానంలోకి సీసాలు విసిరారు. ఆట ఆగింది. అది తప్పు, సిగ్గుచేటు. దాన్ని తప్పని గట్టిగా చెప్పాల్సింది ముందు మనమే. అయితే 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మ్యాచ్‌లో గొడవ రేగి 16 మంది ప్రాణాలు పోయాయి. ఆ చావులకి ఫలానా మతం వాళ్ల స్వభావమే కారణమని ఎవరూ రాయలేదు. రాయకపోవడమే న్యాయం. ఆ న్యాయం అందరికీ ఒకేలా ఉండాలని అడగడం పెద్ద కోరికేం కాదు.

ఇది కలకత్తాకో ఫుట్‌బాల్‌కో పరిమితమైన జబ్బు కాదు. 2021 అక్టోబరులో దుబాయ్‌లో పాకిస్తాన్ చేతిలో భారత క్రికెట్ జట్టు 10 వికెట్ల తేడాతో ఓడింది. ఓడింది పదకొండు మంది. తిట్లు ఎక్కువగా పడింది మహమ్మద్ షమీకి. కెప్టెన్ కోహ్లీ అతని పక్షాన నిలబడి మాట్లాడటం ఊరట. 2018లో జర్మనీ ప్రపంచకప్ మొదటి దశలోనే ఇంటిముఖం పట్టినప్పుడు టర్కీ మూలాలున్న ఓజిల్ మీద విరుచుకుపడ్డారు. గెలిచిన రోజు తాను జర్మన్‌ననీ, ఓడిన రోజు వలసదారుణ్ణనీ చెప్పి అతను దేశం జట్టు నుంచి తప్పుకున్నాడు. మైనారిటీ మనిషికి గెలుపులో వాటా తక్కువ, ఓటమిలో వాటా ఎక్కువ. బెర్లిన్‌లో అయినా బెజవాడలో అయినా ఇదే పంపకం.

ఇక్కడ మన సెక్యులర్ మిత్రులతో ఒక మాట. 'ఆటలో మతం ఎందుకు, ఆ క్లబ్బు పేరు మార్చేస్తే గొడవే ఉండదు కదా' అని కొందరు మంచి మనసుతోనే అంటారు. బొంబాయిలో హిందూ జింఖానా, పార్సీ జింఖానా, ఇస్లాం జింఖానా సముద్రం ఒడ్డున ఒకే దారిలో ఉన్నాయి. ఈస్ట్ బెంగాల్ అన్న ప్రాంతం ఆ పేరుతో ఇప్పుడు ఏ పటంలోనూ లేదు. ఆ క్లబ్బు పేరు అట్లాగే ఉంది. ఎందుకంటే ఊరొదిలి వచ్చినవాళ్ల జ్ఞాపకం అందులో ఉంది. మహమ్మదన్ అన్న పేరులోనూ ఒక జ్ఞాపకం ఉంది. 1934లో దొరల కోట కూల్చిన జ్ఞాపకం. ఆ క్లబ్బు ఒకప్పుడు ముస్లిం ఆటగాళ్లతోనే జట్టు కట్టింది నిజమే. ఆ తర్వాత తలుపులు తెరిచింది. మన విక్టర్ అమల్‌రాజ్ అందుకు సాక్ష్యం. పేరు మాసిపోకుండా తలుపులు తెరవొచ్చు. పేరు మార్చుకుంటేనే మా వాడివి అనడం సెక్యులరిజం కాదు.

ఇంకొందరు మిత్రులది మరో రకం మొహమాటం. ముస్లిం సంస్థల్లోని అవకతవకల గురించి మాట్లాడితే మతోన్మాదులకి ఆయుధం ఇచ్చినట్టవుతుందని నోరు కట్టేసుకుంటారు. వాళ్ల భయం అర్థమవుతుంది. కానీ జీతం రాని ఆటగాడికి ఈ మౌనం వల్ల ఏం ఒరిగింది? అతని ఇంటి అద్దెని మౌనం కడుతుందా?

లోపలివాళ్లం మనం చేసేది అంతకంటే బరువైన తప్పు. క్లబ్బుని కౌం జెండాగా చేశాక, క్లబ్బు పెద్దల్ని లెక్క అడిగినవాడు కౌం ద్రోహి అయిపోతాడు. 'ఇంటి గుట్టు బజారుకీడ్చకు' అంటారు. ఇది ఫుట్‌బాల్ క్లబ్బులకే పరిమితమా? వక్ఫ్ ఆస్తుల దగ్గర, మదర్సాల దగ్గర, షాదీఖానాల దగ్గర వినే మాట ఇదే కదా! జెండా ఎంత ఎత్తున ఎగిరితే దాని నీడలో చీకటి పనులకి అంత చోటు. 'కౌం దిగజారింది' అని నిట్టూర్చడం వల్ల లాభపడేది లెక్కలు చూపనక్కరలేని పెద్దలే. కౌం మొత్తం తప్పయితే ఎవరి తప్పూ కాదు. పదిమంది మీద పెట్టాల్సిన వేలు పదికోట్ల మంది వైపు తిరిగాక ఇంకెవర్ని నిలదీస్తాం?

కాబట్టి అభిమానుల తగువుని అభిమానుల తగువుగానే ఉండనివ్వాలి. గోల్‌కీపర్ని తిట్టనివ్వండి. కోచ్‌ని మార్చమననివ్వండి. కమిటీని నిలదీయనివ్వండి. జీతాలు ఎందుకు ఆగాయో, కుర్రాళ్లని తయారుచేసే బడి ఎందుకు లేదో, రహీంని కన్న ఊరికి పెద్ద లీగ్‌లో ఒక జట్టు ఎందుకు నిలవలేదో అడగనివ్వండి. అడిగేవాడు బార్కస్ కుర్రాడైనా, అమ్ముగూడ కుర్రాడైనా, కలకత్తా పార్క్ సర్కస్ కుర్రాడైనా అతని ప్రశ్న ఆట గురించే.

మనం గెలిచినప్పుడు పొగడ్త అక్కర్లేదు. మన జట్టు ఓడిపోయిన రోజున అది జట్టుగా ఓడిపోతే చాలు. మిగతా జట్లన్నీ అట్లాగే ఓడిపోతున్నాయి. మర్నాడు పొద్దున్నే లేచి, ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోకుండా, వెనక వరస ఎందుకు బెదిరిందో మాట్లాడుకుంటున్నాయి.